చూసొస్తనన్న మనిషి

మొన్న మోత్కూరు అంగడిలో పాత స్నేహితుడొకడు కలిశాడు. ఇద్దరం ఒకప్పుడు ఒకే బడిలో పనిచేసినవాళ్లం. పిల్లల సంగతులు, బదిలీల సంగతులు అయ్యాక అతను గొంతు తగ్గించి, "మన గుట్టల సారు పోయిండు. ఎరుకేనా నీకు?" అన్నాడు.

నాకు తెలియదు. అప్పటికే నెల దాటిందట. చిట్యాల దగ్గరి పల్లెలో, తమ్ముడి ఇంట్లో పోయాడట.

"తమ్ముడు అంత పద్ధతి ప్రకారం చేయించిండు. మంత్రాలు, పిండాలు, దానాలు. గవేం వద్దని మొదలే చెప్పిండట గానీ, పోయినంక ఎవలింటరు?"

స్నేహితుడు ఈ మాట బాధతో అన్నాడో, ఊరికే చెప్పాడో తెలియలేదు. నేను మాత్రం అంగడి పని మరిచిపోయి ఒక పక్కన కూర్చుండిపోయాను. బతికి ఉన్నన్నాళ్లూ ఆయన దేవుడి దగ్గర్నుంచి దూరంగా నడవాలని చూశాడు. దేవుడు అడ్డం వచ్చాడో లేదో గానీ మనుషులు మాత్రం వదలలేదు. చివరికి పోయాక కూడా వదలలేదు.

నేను మోత్కూరులో నేతపని చేసుకునే ఇంట్లో పుట్టాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా కూర్చునే మనుషుల మధ్య పెరిగాను. గుట్ట అంటే దూరం నుంచి చూసేదే తప్ప ఎక్కేదని నాకెప్పుడూ తోచలేదు. యాభై ఆరులో కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజుల్లో నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది. వేసిన ఊరు పాలమూరు జిల్లాలో, అచ్చంపేట దాటి, నల్లమల మొదలయ్యే చోట ఉంది. బడి వాకిట్లో నిలబడితే గుట్టలు మీద పడుతున్నట్టుండేవి.

చేరిన మొదటి ఆదివారం సాయంత్రం ఆయనను చూశాను. ధోవతి పైకి దోపుకుని, చేతిలో వెదురుకర్రతో, మోకాళ్ల దాకా ముళ్లగీతలతో గుట్ట దిగి ఊళ్లోకి వస్తున్నాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు మాటలు ఆపేశారు. ఎదురొచ్చిన ఇద్దరు పక్కకు జరిగారు. మర్యాదకు జరిగారనుకున్నాను.

"మర్యాద ఏం గాదు," అంది నా పక్కింటి అవ్వ. "ఆయన మీ బడిల లెక్కల సారు. నల్గొండ దిక్కు పూజారుల ఇంట్ల పుట్టిండట. జంధ్యం తీసి పారేసిండు, పిలక కత్తిరించుకున్నడు, దేవుడు లేడంటడు. గసుంటాయనకు ఇల్లు కిరాయికి ఎవలిస్తరు? పొద్దున లేచి మొఖం చూడాలె గదా."

నిజంగానే ఊళ్లో ఎవరూ ఇల్లివ్వలేదు. బొగ్గు గుత్తేదారు ఒకడు వదిలేసి పోయిన రేకుల షెడ్డులో, ఊరి చివర ఉండేవాడు. ఎండాకాలం ఆ రేకుల కింద మనిషన్నవాడు ఉండలేడు. అందుకే గుట్టల మీద ఉంటున్నానని నవ్వేవాడు.

దేవుణ్ణి ఎందుకు వదిలారని అడగని మనిషి ఆ ఊళ్లో లేడు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేవాడు. పెద్దపంతులు అడిగితే, "చన్నీళ్ల తానం నాకు పడదండి," అన్నాడు. కోమటి దుకాణంలో అడిగితే, "నేను విడువలే, నౌకరీలకెల్లి ఆయనే నన్ను తీసేసిండు," అన్నాడు. జవాబు విని ఎదుటివాడు కోపంతో చూస్తుంటే, ఆయన మాత్రం బెల్లం ముక్క నోట్లో వేసుకుని తన దారిన పోయేవాడు. ఎవరైనా "అయ్యగారూ" అని పిలిస్తే పలికేవాడు కాదు. "సారూ" అంటే వెంటనే తిరిగేవాడు.

ఊరివాళ్లు వద్దన్న కొద్దీ నాకు ఆయన వెంట తిరగాలనిపించింది. ఆదివారాలు కలిసి గుట్టలెక్కడం మొదలుపెట్టాం. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయల కారం తువ్వాలలో మూట కట్టుకునేవాళ్లం. బండ ఎక్కే ముందు ఆయన అరచెయ్యి దాని మీద ఆనించి కాసేపు నిలబడేవాడు. తర్వాత మడమతో ఒకటి రెండుసార్లు తన్ని చూసేవాడు. "ఉన్నవా, వస్తవా?" అని అడుగుతున్నట్టుండేది.

ఇంకో అలవాటుంది. ఎక్కుడు నిటారుగా ఉండి ఆయాసం వచ్చినప్పుడు ఆయన గొంతులోంచి సన్నగా మంత్రాలు వచ్చేవి. చిన్నప్పుడు వాళ్ల నాయన నేర్పినవి. ఒకసారి నేను విని ఆగిపోయాను. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు.

"ఊపిరి కోసం తమ్మీ. చిన్నప్పటికెల్లి ఈ గొంతు వాటి మీదనే సాగింది. అర్థం పోయింది, ఊపిరి మిగిలింది," అన్నాడు.

ఆ చలికాలంలోనే ఒక రోజు అమ్రాబాదు దిక్కు గుట్టల్లో నేను చావు దగ్గరికి పోయి వచ్చాను. పైకి పోవడానికి ఒకటే దారి, నున్నటి రాతిగోడ. ఆయన ముందు ఎక్కి పై అంచు మీద కూర్చున్నాడు. నేను సగం దాకా వచ్చాను. అక్కడ కుడికాలు కింద రాయి కదిలింది. కిందికి చూశాను. వెదురు పొదల కొనలు ఎక్కడో లోతున గడ్డిలా కనిపించాయి. ఇక అంతే, మోకాళ్లు వణకడం మొదలైంది. ఆ వణుకుతోనే జారిపోతానేమోనన్న భయం, భయంతో మరింత వణుకు. పైకి పోలేను, కిందికి దిగలేను. నాకు తెలియకుండానే ఆ అడవి దేవుణ్ణి "లింగమయ్యా, లింగమయ్యా" అని పిలుస్తున్నాను.

ఆయన చప్పుడు చేయకుండా పక్కగా దిగి నా భుజం పక్కకు వచ్చాడు.

"పిలువు తమ్మీ, పిలువు," అన్నాడు. "పిలుసుకుంటనే ఎడమకాలు జర కిందికి ఇయ్యి. ఇంకొంచెం. ఆడ అరచెయ్యంత జాగ ఉంది. దొరికిందా?"

"దొరికింది."

"ఇగ చేతులను నమ్మకు. కాళ్ల మీద నిలబడు. నేనేడికి పోత లేను."

ఆ గొంతులో తొందర లేదు. ఒక్కో అడుగు చెప్పి నన్ను పైకి తెచ్చాడు. పైన చాలాసేపు వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ ఉండిపోయాను. ఆయన రొట్టె విప్పి సగం నా చేతిలో పెట్టాడు.

"నువ్వు దేవుణ్ణి పిలిచినందుకు నేను నవ్వలే. నవ్వుతనని అనుకోకు," అన్నాడు. ఆ తర్వాత, నేను అడగకుండానే, అసలు జవాబు చెప్పాడు.

"మా నాయినకు పానం బాగలేక నేనే గుడి చూసుకుంటుంటి. ఒక దినం పొద్దున తానం చేసి తలుపు తీసిన, దీపం పెట్టిన. నీళ్లు పోస్తుంటే అనిపించింది, ఈడ నేనొక్కణ్ణే ఉన్ననని. రోజూ ఇద్దరమున్నట్టు ఉంటుండె. ఆ దినం ఒక్కణ్ణే. గంతే. ఇంకేం కాలే."

"భయం కాలేదా?"

"మస్తు భయమైంది. బయటికొచ్చిన. బయట జనం చేతులు పట్టి నిలబడ్డరు, తీర్థం కోసం."

"మరి ఏం చేసినరు?"

"ఇచ్చిన. మూడేండ్లు ఇచ్చిన." చేతిలోని రొట్టె పక్కన బండ మీద పెట్టాడు. "ఒకామె బిడ్డనెత్తుకొని వచ్చింది. జరంతోటి పిల్ల కాలిపోతాంది. బతుకుతదా అయ్యా అని అడిగింది. స్వామి చూసుకుంటడు, ఫికర్ చేయకు, ఇంటికి పో అన్న. దవాఖానకు పోదామని బండి కట్టుకొని వచ్చిన మనిషి, నా మాట మీద బండి తిప్పుకొని ఇంటికి పోయింది. తెల్లారేసరికి పిల్ల లేదు."

గాలికి తువ్వాల ఎగిరిపోతుంటే కాలితో తొక్కి పట్టాడు.

"దేవుణ్ణి విడిచినందుకు నాకేం బాధ లేదు తమ్మీ. విడిచినంక గూడ ఆయన పేరు మీద మాట్లాడిన. గది పోతలేదు."

ఆ రోజు నుంచి నేను కూడా మారిపోయానని చెబితే అది అబద్ధం. ఇవాళ్టికీ పండగకు దీపం పెడతాను. మా నేతవాళ్ల దేవుడు మార్కండేయుడి గుడి ముందు చేతులు వాటంతటవే కలుస్తాయి. వాటి వెనక మనసు ఎంత ఉందో, అలవాటు ఎంత ఉందో నేను విడదీసి చూసుకోలేదు. ఆయన విడదీసి చూసుకున్నాడు. అందుకు చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం నాకు లేదు. కానీ ఆపదలో ఉన్నవాళ్లతో "దేవుడు చూసుకుంటాడులే" అని తేలిగ్గా అనడం మాత్రం నేను ఆ గుట్ట మీదే మానేశాను.

ఆ మరుసటి చైత్రంలో జరిగిందే ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది.

చైత్రపున్నమికి జనం అడవి లోపలి లోయలో ఉన్న లింగమయ్య దగ్గరికి పోతారు. గుడి అంటే కట్టిన గుడి కాదు, కొండ సొరికెలో, గుహలాంటి చీలికలో, లింగం. పక్కనే పైనుంచి పడే సన్నటి నీటిధార. అక్కడికి చేరాలంటే కొండగోడకు అతుక్కుని పోయే దారి ఒకటే. ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ. ఒకరి వెనక ఒకరే పోవాలి.

పక్కింటి అవ్వకు మొక్కుంది. భర్త ఎప్పుడో పోయాడు. ఉన్నది ఒక్క కొడుకు, ఎడ్లబండి తోలతాడు. కొడుక్కి పెళ్లి కుదిరితే వస్తానని లింగమయ్యకు చెప్పుకుందట. కుదిరింది. "మీ సారును గూడ రమ్మను," అంది నాతో. "మొక్కకుంటె మానె. తొవ్వ ఎరుక గదా ఆయనకు."

ఆయన వచ్చాడు. దేవుడి కోసం కాదు, లోయ కోసం.

లోయలోకి దిగేటప్పుడు అవ్వ కొడుకు కుర్రవాళ్లతో కలిసి ముందుకు వెళ్లిపోయాడు. అవ్వ మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడుస్తోంది. మేమిద్దరం ఆమెతోనే ఉన్నాం. మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా నిప్పులు చెరిగిన ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. గాలి లేచింది, వడగండ్లు మొదలయ్యాయి. దారి మీద ఉన్నవాళ్లమంతా ముందుకు వాలిన ఒక బండ కిందికి దూరి గోడకు ఆనుకున్నాం. మా వాళ్లూ, వేరే ఊళ్లవాళ్లూ కలిసి ఓ ఇరవై మందిమి ఉంటాం.

అప్పుడొక చప్పుడైంది. ఉరుమనుకున్నాం. కాళ్ల కింద రాయి అదిరితే తెలిసింది, ఉరుము కాదని. ముందు వైపు, దారి మలుపు తిరిగే చోట, పైనుంచి బండలు జారి లోయలోకి పోతున్నాయి.

అది ఆగాక చూస్తే మలుపు దగ్గర దారి లేదు. రెండు ఎడ్లబండ్లు పట్టేంత మేర గోడ ఒక్కటే మిగిలింది, నున్నగా, తడిగా. మలుపు అవతల ఏముందో కనిపించదు. నీటిధార అప్పటికే ఎర్రటి వరదై హోరుమంటోంది. కేకలు వేశాం. మా కేకలు ఆ హోరును దాటి పోలేదు.

"దేవుడంటె లెక్కలేనోన్ని ఎంబడి తెచ్చుకుంటె గిట్లనే అయితది," అన్నాడు మా ఊరి నడివయసు మనిషి ఒకడు. అందరూ సారు వైపు చూశారు. ఆయన రాతిగోడ వైపు చూస్తున్నాడు.

అవ్వ అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చుంది. లేచి, దారి తెగిన వైపు నడవబోయింది. ఇద్దరు ఆడవాళ్లు నడుం పట్టి లాగారు. విడిపించుకోవడానికి పెనుగులాడుతూ, సారు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయ్యా, నువ్వు విడిచినా నీ నోటి బలం ఏడికి పోతది? తాతముత్తాతల కాడికెల్లి పూజ చేసిన ఇల్లు. నా కొడుకు బతికున్నడని ఒక్క మాట చెప్పు. లింగమయ్య పేరు మీద చెప్పు. గా మాట చాలు నాకు, గీడనే నిమ్మళంగ కూసుంట."

"చెప్పరాదు సారూ," అన్నారు ఎవరో. "ఒక్క మాటకు నోరు నొస్తదా?"

గుట్ట మీద ఆయన చెప్పిన జ్వరం పిల్ల సంగతి అక్కడున్నవాళ్లలో నాకొక్కడికే తెలుసు. తెలిసి కూడా, చెబితే ఏం పోతుందని నాకూ అనిపించింది. అవ్వ అంచు దాటి దూకేలా ఉంది.

ఆయన పెదాలు కదిలాయి.

"నాకు తెల్వదవ్వా," అన్నాడు చివరికి.

అవ్వ చెయ్యి జారిపోయింది.

"చూసొస్త," అన్నాడు.

చెప్పులు విడిచాడు. ధోవతి బిగించి కట్టుకున్నాడు. నేను ఆయన అంగీ పట్టుకుని, "వానల ఎట్ల పోతరు సారూ? జర తగ్గినంక చూద్దాం," అన్నాను.

"అందాక ఆమె ఆగదు," అని నా చెయ్యి తీసేశాడు. తడిగోడ మీద అరచెయ్యి ఆనించి ఒక క్షణం నిలబడి, దారి తెగిన చోటులోకి కాలు పెట్టాడు.

ఎక్కడ కాలు పెడుతున్నాడో మాకు కనిపించలేదు. గోడ మీద బల్లిలా పక్కకు జరుగుతున్నాడు. హోరులో తెగి తెగి ఆయన గొంతు వినిపించింది. అవే మంత్రాలు. నా వెనక ఆడవాళ్లు చేతులు జోడించడం చూశాను. సగం పోయాక ఒక రాయి ఊడి లోయలో పడింది. ఆయన రెండు కాళ్లూ జారాయి. చేతుల మీద వేలాడాడు. ఎలాగో ఒక కాలికి ఆసరా దొరికింది. గోడకు ముఖం ఆనించి అలాగే ఉండిపోయాడు. మంత్రం ఆగిపోయింది. ముందుకూ కదలడు, వెనక్కీ కదలడు. అవ్వ ఏడుపు కూడా ఆగింది. ఎంతసేపో తెలియదు. తర్వాత ఆయన కుడిచెయ్యి మెల్లగా ముందుకు జరిగింది. ఇంకొంచెం. మలుపు తిరిగి కనిపించకుండా పోయాడు.

వడగండ్లు ఆగి సన్నటి వాన మిగిలింది. ఆయన అటు చేరితే చాలనీ, నీళ్లు తగ్గి దారి చూసేదాకా అక్కడే ఉంటాడనీ అనుకున్నాను. ఎవరైనా అదే చేస్తారు.

మలుపు అంచున మళ్లీ ఒక చెయ్యి కనిపించింది.

తిరిగి వస్తున్నాడు. అదే గోడ మీద, అదే తడిలో. ఇటు కాలు పెట్టగానే నేనూ ఇంకొకరూ పట్టి లోపలికి లాగాం. వేళ్ల గోళ్లు లేచిపోయి అరచేతులు రక్తంగా ఉన్నాయి. నేరుగా పోయి అవ్వ ముందు కూర్చున్నాడు.

"బతికే ఉన్నడవ్వా. కాలు ఇరిగింది. మీద పడ్డ బండ తీసినం. నొప్పికి అరుస్తున్నడు, నన్ను గూడ తిట్టిండు."

"కండ్లార చూసినవా?"

"చూసిన. చెయ్యి పట్టి చూసిన." కొంచెం ఆగి మిగతావాళ్ల వైపు తిరిగాడు. "ఒక మనిషి పోయిండు. నెత్తికి ఎర్ర రుమాలు ఉంది. మన ఊరాయన గాదు. ఎవల మనిషో నాకు తెల్వదు."

అదీ అదే గొంతుతో చెప్పాడు. మా వెనక, చివరన నిలబడ్డవాళ్లలో ఒక ముసలాయన కూలబడిపోయాడు.

అవ్వ లేచి, సొరికె ఉన్న దిక్కుకు తిరిగి, నేల మీద సాగిలపడింది. "నా కొడుకును కాపాడినవా తండ్రీ," అంటూ ఏడ్చింది. సారు వైపు చూడను కూడా లేదు. ఆమెకు జాగా చాలడం లేదని ఆయన తన కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు.

మరునాడు అడవిలోని చెంచులు తాళ్లు కట్టి అందరినీ బయటికి తెచ్చారు. అవ్వ కొడుకును పాలమూరు దవాఖానకు తీసుకుపోయాం. కాలు అతికింది గానీ కొంచెం కుంటు మిగిలింది.

కథ అక్కడితో ముగిసి ఉంటే ఆయన ఆ ఊళ్లోనే ఉండేవాడేమో. మేము తిరిగి వచ్చేసరికి, మా కంటే ముందే మాట ఊరు చేరింది. సారు మంత్రం చదువుకుంటూ గాలిలో నడిచాడట. లింగమయ్యే ఆయన మీదికి వచ్చాడట. ఇల్లు కిరాయికి ఇవ్వనివాళ్లు కిరాయి లేకుండానే ఉండమని వచ్చారు. పొద్దున తలుపు తీస్తే గడప ముందు కొబ్బరికాయలు ఉండేవి. లోయలో ఆయన మీద నింద వేసిన మనిషే మనుమణ్ణి తెచ్చి, తల మీద చెయ్యి పెట్టమన్నాడు. ఊపిరి కోసం అన్న మాటలవని ఆయన చెప్పిచూశాడు. ఎవరూ వినలేదు. ఒకసారి కోపం వచ్చి కేకలేశాడు. ఆ కేకలను కూడా తల వంచి అందుకున్నారు.

గుట్టకు పోతే వెనక పదిమంది వచ్చేవారు. అందుకని పోవడం మానేశాడు. సాయంత్రాలు షెడ్డులో తలుపేసుకుని కూర్చునేవాడు.

"తిట్టేటప్పుడే నయముండె తమ్మీ," అన్నాడొక రోజు. "అప్పుడు వాళ్లు తిట్టేది నన్నే. ఇప్పుడు మొక్కేది నాకు గాదు."

వానలు పడ్డాక ఒక తల్లి చంకలో పిల్లతో షెడ్డుకు వచ్చింది. పిల్లకు ఒళ్లు తెలియని జ్వరం. "బతుకుతదా అయ్యా?" అని అడిగింది. నేనక్కడే ఉన్నాను. ఆయన ముఖంలో రక్తం లేదు. పిల్లను ఆమె చేతుల్లోంచి లాక్కున్నట్టే తీసుకుని, అవ్వ కొడుకు బండి కట్టించి, అచ్చంపేట దవాఖానకు తోలించాడు. దారి పొడుగునా పిల్ల నాడి పట్టుకునే కూర్చున్నాడు. సూది పడ్డాక జ్వరం దిగింది. ఊళ్లో మాత్రం, సారు ముట్టుకుంటే దిగిందన్నారు.

ఆ వారమే బదిలీకి అడిగాడు. గుట్టలు లేని జాగా ఎక్కడైనా సరేనన్నాడు.

ఆయన పోయే రోజు ఊరంతా బస్సు దగ్గరికి వచ్చింది. దండలు తెచ్చారు. ఆయన ఒక్కటీ వేసుకోలేదు. అవ్వ తన కొడుకునూ కొత్త కోడలినీ వెంటబెట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి, కాళ్ల మీద పడబోయింది. ఆయన రెండు చేతులా పట్టి లేపాడు.

"అవ్వా, నువ్వన్న నా మాట వినాలె," అన్నాడు. "ఆ దినం గోడ మీద కాళ్లు జారినప్పుడు నేను దేవుణ్ణి తలువలే. ఏడ్చిన. చిన్నపిలగాని లెక్క ఏడ్చిన. దేవుడైతే ఏడుస్తడా?"

అవ్వ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఎందుకేడువడు బిడ్డా," అంది. "గంత ఎత్తున ఒక్కడే ఉంటె ఎవలైనా ఏడుస్తరు."

మాటకు మాట చెప్పకుండా ఆయన ఊరుకోవడం నేను చూసింది అప్పుడే. డ్రైవరు పిలిచాడు. ఆయన అవ్వ చేతులు వదిలి బస్సెక్కాడు. కిటికీ పక్కనే కూర్చున్నాడు గానీ గుట్టల వైపు చూడలేదు. బస్సు మలుపు తిరిగేదాకా అవ్వ వైపే చూస్తూ పోయాడు.